నాలుగేళ్ళ మొగ్గ

థోర్దీస్ మోకాళ్ళ కింద గోనెపట్టా.
నా ఒళ్ళో నోటుపుస్తకం, పెన్సిలు.
ఈ గాలికి పెన్నులో సిరా గడ్డకడుతుంది, జులైలో కూడా.

"పన్నెండో గడి. కోర్న్‌సూరా, ఆరు," అంటుంది.
రాస్తాను.
"మొదటి దాని ఎత్తు పద్నాలుగు సెంటీమీటర్లు.
పైన పువ్వులు తొమ్మిది, కింద బుడిపెలు ఇరవై రెండు."
రాస్తాను.
హిమానీనదం వైపు నుంచి
ఎవరో తలుపు తీసి వెయ్యడం మరిచిపోయినట్టు చలి.

చూడ్డానికేముంది ఈ మొక్కలో!
ఒకటే కాడ. కొమ్మ వెయ్యదు.
జానెడు లేస్తే అదే గొప్ప.
ఆకు పైన నిగనిగలాడే ముదురాకుపచ్చ, అడుగున బూడిద,
అంచులు కిందికి చుట్టుకుని,
జేబుల్లో చేతులు దోపుకుని నిలబడ్డ మనిషిలా.
కణుపు దగ్గర పల్చని గోధుమరంగు తొడుగు,
వేలికి చుట్టిన ఉల్లిపొరలా.
ఈ కుటుంబానికంతటికీ అదే ఆనవాలు,
ఇంటిపేరు లాంటిది, అంటుంది థోర్దీస్,
ఇంటిపేర్లు లేని దేశంలో పుట్టి.

మట్టిలో దుంప రెండు మెలికలు తిరిగి ఉంటుంది.
తవ్వి చూపించిందొకసారి:
"ఇటు వెళ్దామనుకుంది, రాయి తగిలింది,
అటు తిరిగింది,
మళ్ళీ ఏమనుకుందో."

పువ్వుకి పూరేకులు వేరే, కాపలా రేకులు వేరే అని లేవు.
ఉన్న ఐదు తెల్ల రేకులే
అందంగానూ ఉండాలి, చలికీ కాయాలి.
ఈగ వస్తుంది, కూర్చుంటుంది, పోతుంది.
గింజ కట్టదు.
ముప్పై ఒక్క వేసవుల్లో ఒక్కసారి కనబడిందట గింజ.
అగ్గిపెట్టెలో దాచి ఇంటికి తీసుకెళ్ళింది.
తెల్లారి చూస్తే దానికి కాళ్ళున్నాయి.

వంశం నిలబెట్టేవి ఆ కింది బుడిపెలు.
ఊదా రంగు, జొన్నగింజంత.
కొన్ని తల్లి కాడ మీదుండగానే ఆకు తొడుగుతాయి,
ఆగలేక.
రాలిన చోట వేరు పట్టి
తల్లే మళ్ళీ లేస్తుంది, అచ్చంగా తల్లే,
ఒక్క గీత తేడా లేకుండా.
బడి నుంచి వస్తూ మేం గుప్పెళ్ళతో దూసుకు తినేవాళ్ళం.
పచ్చి బాదం రుచి.
రియూపా పిట్టల పొట్టల నిండా కూడా అవే.

మరి పువ్వులెందుకు, అని అడిగాను వచ్చిన మొదటి ఏడు.
"అంకెలు రాయి. ప్రశ్నలు చలికాలానికి."

ఇవాళ పందొమ్మిదో గడి దగ్గర ఆగింది.
ఎనిమిది, అంది.
అన్నాక, ఎప్పుడూ చెయ్యని పని, ఒకదాన్ని పెకలించి
బ్లేడుతో మొగ్గని నిలువునా చీల్చి
భూతద్దం నా చేతికిచ్చింది.

పొర లోపల పొర.
"ఇది వచ్చే ఏడు పూసేది.
దాని లోపల ఆపై ఏడుది.
ఇంకా లోపల, ఆ ఇసుకరేణువు, మూడో ఏడుది.
ఇక్కడ ఎండ తక్కువ. ఒక వెన్నుకి ఇన్నేళ్ళు పడుతుంది."

అయితే ఇవాళ తెల్లగా నిలబడ్డవన్నీ
నాలుగేళ్ళ కిందటి వేసవిలో మొదలైనవి.

నోటుపుస్తకం వెనక్కి తిప్పాను, ఎందుకో.
నాలుగేళ్ళ కిందటి పేజీల్లో రాత నాది కాదు.
ఎయ్‌విందుర్‌ది. నిబ్బరమైన రాత,
ఏడంకె నడుముకి అడ్డగీత.
ముప్పయ్యో గడి దాకా ఉంది.
తర్వాత పేజీ ఖాళీ.
ఆ ఆగస్టులో నది అంత పొంగుతుందని ఎవరూ అనుకోలేదు.

థోర్దీస్ నా వైపు చూడలేదు.
అతను ఈ రాళ్ళ మీద నడుస్తుండగా
మట్టిలో కన్ను తెరిచినవి ఇవే ఆఖరు.
వచ్చే ఏడాదివి అతన్నెరగవు.

చీలిన దుంపని గుంటలో పెట్టి
మట్టి కప్పి బొటనవేలితో అదిమింది,
బతకదని తెలిసీ.
చేతులు దులుపుకుంది.
"ఎనిమిది అన్నాను కదా. ఒకటి తగ్గించు."

ఎనిమిది కొట్టేసి
ఏడు వేశాను,
నడుముకి అడ్డగీతతో.